గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్: దొంగ పేరుతో వచ్చే మెయిల్‌ని ఎంతవరకు ఆపుతాయి?

సొంత డొమైన్ కొనుక్కుని గూగుల్ వర్క్‌స్పేస్‌లో మెయిల్ నడుపుతున్న చిన్న కంపెనీలు, కాలేజీలు, క్లినిక్‌లు, ఆడిటర్ ఆఫీసుల కోసం ఈ రివ్యూ. వర్క్‌స్పేస్ మొత్తం గురించి కాదు. ‘ఈ మెయిల్ నిజంగా ఎవరు పంపారు’ అని తేల్చే భాగం గురించి మాత్రమే. అంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు, వాటి చుట్టూ గూగుల్ ఇచ్చే సెట్టింగ్స్. తీర్పు ముందే చెప్పేస్తాం: మీ డొమైన్ పేరు పెట్టుకుని బయటివాళ్లు మెయిల్ పంపకుండా ఆపడంలో ఇది గట్టి పనిముట్టు. కాకపోతే మీరు పూనుకుని ఒక్కొక్కటీ ఆన్ చేసుకోవాలి. మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చే స్పామ్‌కి మాత్రం ఇది సగం మందే.

రికార్డుల్లోని ట్యాగ్‌లు, విలువలు ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాం. డీఎన్ఎస్‌లో (మీ డొమైన్ వివరాలని లోకానికి చెప్పే రికార్డుల పట్టికలో) వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే, గూగుల్ చూపించినది చూపించినట్టే టైప్ చేయాలి.

అసలు లోపం ఎక్కడుంది

మెయిల్‌లో పంపినవారి చిరునామా రెండు చోట్ల ఉంటుంది. సర్వర్లు తమలో తాము చెప్పుకునేది ఒకటి, మనకి తెర మీద కనిపించే ‘ఫ్రమ్’ ఇంకొకటి. పోస్టు కవరు మీద ఒక పేరు, లోపల ఉత్తరం కింద ఇంకో పేరు రాసినా పోస్ట్‌మ్యాన్ పట్టించుకోడు కదా, ఇదీ అంతే. రెండూ ఒకటే కావాలని మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్ఎంటీపీ పాత నియమాల్లో ఎక్కడా లేదు. మీ జీఎం పేరుతో ‘ఈ ఖాతాకి వెంటనే డబ్బు వేయండి’ అని అకౌంట్స్ సెక్షన్‌కి వచ్చే మెయిల్ ఈ సందులోంచే దూరుతుంది.

ఎస్‌పీఎఫ్ కవరు మీది పేరుని చూస్తుంది. ఈ డొమైన్ తరఫున ఈ ఐపీ (సర్వర్ నెట్ చిరునామా) నుంచి పంపడానికి అనుమతి ఉందా లేదా అన్నదే దాని ప్రశ్న. 2006లో ప్రయోగాత్మకంగా వచ్చింది, 2014లో ప్రమాణంగా స్థిరపడింది. డీకిమ్ పద్ధతి వేరు: పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీద డిజిటల్ సంతకం చేస్తుంది, అందుకునే సర్వర్ డీఎన్ఎస్‌లో ఉన్న పబ్లిక్ కీతో సరిచూస్తుంది. యాహూ తయారుచేసిన డొమైన్‌కీస్‌ని, సిస్కో తయారుచేసిన ఇంకో పద్ధతిని కలిపి 2007లో దీన్ని ప్రమాణం చేశారు. ఈ రెండింటిలో ఏదీ తెర మీది ‘ఫ్రమ్’ని కాపాడదు. దొంగ తన సొంత డొమైన్‌తో రెండూ పాస్ చేయించుకుని, ‘ఫ్రమ్’లో మీ పేరు పెట్టొచ్చు. ఆ లోటు పూడ్చడానికే 2012లో పేపాల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ తదితరులు కలిసి డీమార్క్‌ని ప్రకటించారు. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లో ఏదో ఒకటి పాస్ కావాలి, అలా పాస్ అయిన డొమైన్ ‘ఫ్రమ్’లో కనిపించే డొమైన్‌తో కలవాలి. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. మెయిల్ ఆగుతుందా లేదా అన్నది చివరికి ఈ అలైన్‌మెంట్ మీదే ఆధారపడుతుంది.

ఎస్‌పీఎఫ్: తేలికే, తప్పులు మాత్రం ఎక్కువ

డొమైన్ రూట్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు పెట్టి, అందులో గూగుల్ సర్వర్ల జాబితాని కలుపుకునే ‘ఇన్‌క్లూడ్’ వేసి, చివర ‘టిల్డే ఆల్’ (జాబితాలో లేనివాటిని అనుమానించు అని) పెట్టమని గూగుల్ చెబుతుంది. ఐదు నిమిషాల పని. చిక్కంతా పాత రికార్డుతో వస్తుంది. హోస్టింగ్ కంపెనీ తన సీప్యానెల్ అనే నిర్వహణ తెర ద్వారా ఎప్పుడో పెట్టిన ఎస్‌పీఎఫ్ రికార్డు అలాగే ఉంటుంది, దాని పక్కనే ఇంకోటి చేర్చేస్తారు. ఒక డొమైన్‌కి ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. రెండు ఉంటే ఫలితం ‘పర్మ్ఎర్రర్’, అంటే ఎస్‌పీఎఫ్ లేనట్టే. రెండింటిలోని ఇన్‌క్లూడ్‌లనీ ఒకే లైనులోకి తెచ్చి రెండోది తీసేయాలి.

రెండో తప్పు, 10 లుకప్‌ల పరిమితి దాటడం. రికార్డులో రాసే ప్రతి ‘ఇన్‌క్లూడ్’, ‘ఏ’, ‘ఎంఎక్స్’, ‘రీడైరెక్ట్’ ఒక్కో డీఎన్ఎస్ ప్రశ్న, అంటే ఒక్కో లుకప్. ఇన్‌క్లూడ్ లోపలి ఇన్‌క్లూడ్‌లూ లెక్కలోకి వస్తాయి. గూగుల్, ఒక న్యూస్‌లెటర్ సర్వీసు, సీఆర్ఎం, సపోర్ట్ టికెట్ సాఫ్ట్‌వేర్, హోస్టింగ్ సర్వర్ కలిస్తే చాలు, 10 దాటిపోతుంది. దాటితే మళ్లీ పర్మ్ఎర్రరే. మానేసిన సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు తీసేయడం మొదటి మందు. న్యూస్‌లెటర్ సర్వీసులు చాలావరకు కవరు మీద తమ సొంత డొమైనే వాడతాయి కాబట్టి వాటిని మీ ఎస్‌పీఎఫ్‌లో చేర్చినా అలైన్‌మెంట్‌కి ఒరిగేదేమీ లేదు. వాటి పని డీకిమ్‌తోనే అవుతుంది.

ఐపీ నేరుగా తెలిస్తే ఐపీ4 అని రాయండి, దానికి లుకప్ ఖర్చు లేదు. ‘ప్లస్ ఆల్’ మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు. ప్రపంచంలో ఎవరైనా నా తరఫున పంపొచ్చు అని దాని అర్థం.

డీకిమ్: ఈ మూడింటిలో అన్నిటికంటే విలువైనది

ఇక్కడ గూగుల్ పనితనం బాగుంది, కానీ ఒక మాయ ఉంది. డీకిమ్ మీరు ఆన్ చేయకపోయినా వర్క్‌స్పేస్ నుంచి వెళ్లే మెయిల్‌కి సంతకం ఉంటుంది. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. డీకిమ్ ఎదురుగా ‘పాస్’ అని ఉంటుంది. అది చూసి అంతా బాగుందనుకుంటారు. ‘పాస్’ పక్కన ఉన్న డొమైన్ కూడా చదవాలి. అక్కడ మొదట మీ డొమైన్ పేరు చుక్కల బదులు హైఫన్లతో, చివర ‘గ్యాప్స్ఎస్ఎంటీపీ డాట్ కామ్’ అని కనిపిస్తే, సంతకం చేసింది గూగుల్ తన డొమైన్‌తో, మీ డొమైన్‌తో కాదు. డీమార్క్ దృష్టిలో ఆ సంతకం అలైన్ కాదు. ఎస్‌పీఎఫ్ సరిగా ఉన్నంతకాలం బండి నడుస్తుంది. అవతలివాళ్లు మీ మెయిల్‌ని ఇంకో చోటికి ఆటో ఫార్వర్డ్ చేసుకున్నారో, ఐపీ మారి ఎస్‌పీఎఫ్ పోతుంది, డీకిమ్ ముందే అలైన్ కాలేదు, మెయిల్ ఫెయిల్.

సరిచేసే దారి ఇదీ. అడ్మిన్ కన్సోల్‌లో యాప్స్, గూగుల్ వర్క్‌స్పేస్, జీమెయిల్, అక్కడ ‘అథెంటికేట్ ఈమెయిల్’. డొమైన్ ఎంచుకుని ‘జనరేట్ న్యూ రికార్డ్’ నొక్కాలి. కీ 2048 బిట్లు, సెలెక్టర్ (ఆ కీకి పెట్టే పేరు) ‘గూగుల్’ అని ఉంటుంది, అలాగే ఉంచండి. వచ్చిన టీఎక్స్‌టీ విలువని డీఎన్ఎస్‌లో పెట్టి, అది కనిపించడం మొదలయ్యాక తిరిగి వచ్చి ‘స్టార్ట్ అథెంటికేషన్’ నొక్కాలి. ఈ చివరి బటన్ మర్చిపోయేవాళ్లు చాలామంది. రికార్డు డీఎన్ఎస్‌లో ఉంటుంది, సంతకం మాత్రం పడదు. కొత్తగా జీమెయిల్ ఆన్ చేసిన డొమైన్ అయితే కీ తయారుచేయడానికి 24 నుంచి 72 గంటలు ఆగాల్సి రావచ్చు. డీఎన్ఎస్ మార్పు అందరికీ చేరడానికి 48 గంటల వరకు పట్టవచ్చు.

రికార్డు పెట్టాక కూడా ‘దొరకలేదు’ అని గూగుల్ అంటుంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, హోస్ట్ గడిలో డొమైన్ పేరుతో సహా మొత్తం రాసి ఉంటారు. చాలా ప్యానెళ్లు డొమైన్‌ని తామే చివర తగిలిస్తాయి, అప్పుడు మీ డొమైన్ రెండుసార్లు వస్తుంది. ‘డొమైన్‌కీ’ వరకే రాసి ఆపాలి, దాని ముందు అండర్‌స్కోర్ మరవకూడదు. రెండు, 2048 బిట్ల కీ 255 అక్షరాలు దాటుతుంది. డీఎన్ఎస్‌లో ఒక్కో ముక్క 255 దాటకూడదు. మంచి ప్యానెళ్లు తామే ముక్కలు చేస్తాయి. కొన్ని చప్పుడు చేయకుండా చివర కోసేస్తాయి, అప్పుడు కీ పనికిరాదు. మీరే రెండు కొటేషన్ ముక్కలుగా విడగొట్టి పెట్టాలి. అదీ కుదరకపోతేనే 1024కి దిగండి, అంతకంటే కిందికి వద్దు. 2012లో గూగుల్ సొంత మెయిల్ డొమైనే 512 బిట్ల కీ వాడుతోందని, దాన్ని ఛేదించొచ్చని ఒక గణిత నిపుణుడు బయటపెట్టాక ఇలాంటి చిన్న కీలకి కాలం చెల్లింది. మూడు, మార్చిన చోటు. డొమైన్ నేమ్‌సర్వర్లు (రికార్డులని లోకానికి చూపించే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్ లాంటి బయటి సర్వీసులో ఉంటే సీప్యానెల్‌లో ఎన్ని రికార్డులు పెట్టినా లోకానికి కనిపించవు. గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్‌లోని ‘డిగ్’లో పేరు కొట్టి, బయటి నుంచి ఏం కనిపిస్తోందో చూసుకోండి. అది ఉచితం.

మైక్రోసాఫ్ట్ 365తో పోలిస్తే గూగుల్ ఇక్కడ ఒక మెట్టు కింద ఉంది. మైక్రోసాఫ్ట్ తన వైపు మళ్లించే రెండు సీనేమ్ రికార్డులు పెట్టించి, డీఎన్ఎస్‌ని మళ్లీ ముట్టుకోకుండానే కీ మార్చే ఏర్పాటు చేసింది. గూగుల్‌లో కీ మార్చాలంటే కొత్త సెలెక్టర్‌తో మళ్లీ మీరే అంతా చేయాలి.

డీమార్క్: సహనం కావాల్సిన చోటు

రికార్డు హోస్ట్ పేరు ‘అండర్‌స్కోర్ డీమార్క్’. అందులో పి అనే ట్యాగ్‌కి మూడు విలువలు: నన్ అంటే చూసి ఊరుకో, క్వారంటైన్ అంటే స్పామ్‌లో వేయి, రిజెక్ట్ అంటే గుమ్మంలోనే తిప్పి పంపు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ పనిచేయడం మొదలై 48 గంటలయ్యాక నన్‌తో ప్రారంభించమని గూగుల్ సలహా. అది సరైన సలహానే. కష్టం ఏమిటంటే నన్ దగ్గరే ఆగిపోయే డొమైన్లు లెక్కలేనన్ని. నన్ మీద ఉన్న డొమైన్‌కి డీమార్క్ రక్షణ సున్నా. దొంగ మెయిల్ వెళ్తూనే ఉంటుంది, మీకు రిపోర్టు మాత్రం వస్తుంది.

ఆ రిపోర్టు చదివితేనే ముందుకు వెళ్లగలం. ఆర్‌యూఏ ట్యాగ్‌లో ఇచ్చిన చిరునామాకి గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ లాంటి అందుకునేవాళ్లు సాధారణంగా రోజుకొకటి చొప్పున కుదించిన ఎక్స్ఎంఎల్ (ప్రోగ్రాములు చదివే తీరులోని) ఫైల్ పంపుతారు. ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిల్స్, ఎస్‌పీఎఫ్ ఏమైంది, డీకిమ్ ఏమైంది, ఏం చేశాం అన్నవి అందులో ఉంటాయి. వర్క్‌స్పేస్‌కి ఇక్కడ పెద్ద మైనస్ వేయాలి. మీ డొమైన్‌కి అన్ని చోట్ల నుంచీ వచ్చే ఈ రిపోర్టులని పేర్చి చూపించే తెర ఏదీ అడ్మిన్ కన్సోల్‌లో లేదు. డబ్బు కట్టే కస్టమర్ చేతికి ముడి ఎక్స్ఎంఎల్ ఇచ్చి వదిలేయడం బాగాలేదు. బయటి సర్వీసు పెట్టుకోక తప్పదు. డీఎన్ఎస్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే దాని డీమార్క్ మేనేజ్‌మెంట్ చాలు. వారానికో సారాంశం చాలనుకుంటే పోస్ట్‌మార్క్ ఉచిత డైజెస్ట్ ఉంది. సొంత సర్వర్ నడిపే ఓపిక ఉన్నవాళ్లకి పార్స్‌డీమార్క్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. రిపోర్టులు ఇంకో డొమైన్‌లోని చిరునామాకి పంపిస్తుంటే, ఆ డొమైన్ డీఎన్ఎస్‌లో ‘అవును, వీళ్ల రిపోర్టులు నాకు పంపొచ్చు’ అనే చిన్న రికార్డు ఉండాలి. లేకపోతే రిపోర్టులు రావు, ఎందుకు రావడం లేదో ఎవరూ చెప్పరు. ఫెయిల్ అయిన ఒక్కో మెయిల్ వివరం అడిగే ఆర్‌యూఎఫ్ ట్యాగ్ మీద ఆశ పెట్టుకోకండి, జీమెయిల్ ఆ రకం రిపోర్టులు పంపదు.

రిపోర్టులో కనిపించే ఐపీలు మూడు రకాలు. డీకిమ్ మీ డొమైన్‌తో పాస్ అయి ఎస్‌పీఎఫ్ మాత్రమే ఫెయిల్ అయితే అది ఎవరో ఫార్వర్డ్ చేసుకున్న మీ మెయిల్, కంగారు వద్దు. రెండూ ఫెయిల్ అయి, ఐపీ మీ హోస్టింగ్‌దో, మీరు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌దో అయితే అది మీరు మర్చిపోయిన మీ సొంత వ్యవస్థ. రెండూ ఫెయిల్ అయి, మీకు సంబంధమే లేని నెట్‌వర్క్ అయితే అది దొంగ. రెండో రకం మొత్తం తేలేదాకా రిజెక్ట్‌కి వెళ్లకూడదు. అందుకే నన్ మీద కనీసం ఒక పూర్తి నెల ఉండాలి. జీతాల స్లిప్పులు, నెలవారీ ఇన్‌వాయిస్‌లు నెలకొక్కసారే వెళ్తాయి. కాలేజీ అయితే అడ్మిషన్ల పోర్టల్, ఫీజు రసీదులు పంపే సాఫ్ట్‌వేర్ కూడా ఒకసారి నడిచి తీరాలి.

ఆ రెండో రకంలో తరచూ పట్టుబడేది వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం. వర్డ్‌ప్రెస్ సైటు షేర్డ్ హోస్టింగ్ నుంచి పీహెచ్‌పీ మెయిల్‌తో నేరుగా పంపేస్తుంది. డీకిమ్ ఉండదు, ఎస్‌పీఎఫ్ కలవదు. అంతకంటే చెడ్డది, ఫారం నింపిన కస్టమర్ జీమెయిల్ చిరునామానే ‘ఫ్రమ్’లో పెట్టడం. మీ హోస్టింగ్ సర్వర్ జీమెయిల్ పేరుతో మెయిల్ పంపినట్టవుతుంది. మెయిల్ పంపేవాళ్లు ఇలా చేయకూడదని గూగుల్ నియమాల్లోనే ఉంది. ‘ఫ్రమ్’లో మీ డొమైన్ చిరునామా, ‘రిప్లై టు’లో కస్టమర్ చిరునామా పెట్టాలి. ఎస్ఎంటీపీ ప్లగిన్ వేసి, పోర్టు 587 మీద జీమెయిల్ ఎస్ఎంటీపీ ద్వారా పంపాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేశాక వచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్‌తో ఇది నడుస్తుంది.

న్యూస్‌లెటర్ సర్వీసు ఏదైనా సరే, ‘డొమైన్ అథెంటికేషన్’ అనే పేజీ వెతికి, వాళ్లిచ్చే డీకిమ్ రికార్డులు మీ డీఎన్ఎస్‌లో చేర్చండి. ఆ తర్వాత క్వారంటైన్, రెండు మూడు వారాలు ప్రశాంతంగా గడిస్తే రిజెక్ట్. మీవాళ్లు మెయిలింగ్ లిస్టుల్లో ఎక్కువగా రాస్తుంటే ఒక్క మాట. సబ్జెక్టుకి ముందు లిస్టు పేరు, కింద ఫుటర్ తగిలించే లిస్టుల్లో డీకిమ్ సంతకం చెడుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ రిజెక్ట్ పెట్టినప్పుడు లోకంలోని మెయిలింగ్ లిస్టులన్నీ గందరగోళంలో పడ్డది ఇందుకే. గూగుల్ గ్రూప్స్ ఇప్పుడు అలాంటి డొమైన్ల మెయిల్‌కి ‘ఫ్రమ్’ మార్చి, గ్రూపు ద్వారా వచ్చినట్టు చూపిస్తుంది. పాత లిస్టు సాఫ్ట్‌వేర్లలో ఆ సెట్టింగ్ చేత్తో ఆన్ చేయాలి.

లోపలికి వచ్చే మెయిల్

అడ్మిన్ కన్సోల్‌లో జీమెయిల్ కింద ‘సేఫ్టీ’లో ‘స్పూఫింగ్ అండ్ అథెంటికేషన్’ అని ఉంది. మీ డొమైన్‌ని అనుకరించే మెయిల్స్, మీ డొమైన్‌ని పోలిన పేర్లు, మీ ఉద్యోగుల పేర్లు వాడుకునేవి, ఏ ధ్రువీకరణా లేనివి, ఇలా విడివిడిగా స్విచ్‌లు ఉన్నాయి. ఒక్కోదానికి హెచ్చరిక చూపించడమో, స్పామ్‌లో వేయడమో, క్వారంటైన్ చేయడమో (ఇక్కడ అడ్మిన్ చూసేదాకా ఆపి ఉంచడం) ఎంచుకోవచ్చు. మీ డొమైన్‌ని అనుకరించేవాటికి క్వారంటైన్ పెట్టండి. పైన చెప్పిన ఎంక్వైరీ ఫారం బాగుచేశాకే సుమా, లేకపోతే మీ కస్టమర్ల ఎంక్వైరీలే అందులో ఇరుక్కుంటాయి. ఏ ధ్రువీకరణా లేనివాటికి హెచ్చరిక చాలు. పాత సర్వర్ల మీద నడిచే చిన్న సరఫరాదారులు, కొన్ని ఆఫీసులు ఇంకా అలాగే పంపుతున్నాయి.

ఈ భాగంలో ప్రమాదకరమైన మూల ఒకటుంది: స్పామ్ ఫిల్టర్‌ని దాటించే ఆమోదిత పంపేవారి జాబితా. ‘మా మెయిల్ స్పామ్‌లో పడుతోంది’ అనగానే చాలామంది అడ్మిన్‌లు సొంత డొమైన్‌నే అందులో చేర్చేస్తారు. జాబితాలో ‘అథెంటికేషన్ రిక్వైర్డ్’ ఆపేసి ఉంటే, మీ పేరు పెట్టుకున్న ప్రతి దొంగ మెయిల్‌కీ రాచబాట వేసినట్టే. ఇప్పుడే వెళ్లి ఆ జాబితా తెరిచి చూడండి.

వీటికి లొంగనివి

ధ్రువీకరణ ఎవరు పంపారో చెబుతుంది, మంచివాడో కాదో చెప్పదు. బ్యాంకు పేరుకి హైఫన్, కేవైసీ చేర్చి ఎవడైనా ఒక డొమైన్ కొంటే, దానికి మూడు తనిఖీలూ పాస్ అవుతాయి. ఈ బెడద తగ్గించడానికే రిజర్వ్ బ్యాంకు 2025లో మన బ్యాంకులని ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్లకి మారమని, అక్టోబర్ 31 గడువుగా ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. ఎవరుపడితే వాళ్లు కొనలేని పేరు కాబట్టి, డీమార్క్ పాస్ అన్న మాటకి అక్కడ నిజమైన విలువ వస్తుంది. బ్యాంకు మెయిల్ వస్తే చివరి రెండు ముక్కలు చూడమని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

పేరు చూపించే మోసం కూడా దొరకదు. ఎవరో జీమెయిల్ ఖాతా తెరిచి మీ ఎండీ పేరు పెట్టుకుంటే, జీమెయిల్ పరంగా ఆ మెయిల్ నూటికి నూరుపాళ్లూ అసలైనదే. దానికి పైన చెప్పిన ఉద్యోగుల పేర్ల స్విచ్ ఒక్కటే అడ్డు. హ్యాక్ అయిన ఖాతా నుంచి వచ్చే మెయిల్ కూడా మూడు తనిఖీలూ పాస్ అవుతుంది.

2025 ఏప్రిల్‌లో బయటపడ్డ మోసం ఇంకా నేర్పుగా ఉంది. మోసగాళ్లు గూగుల్‌లో ఒక యాప్ నమోదు చేసి, యాప్ పేరు గడిలో మోసపు సందేశం మొత్తం రాశారు. ఆ యాప్‌కి తమ సొంత ఖాతాలో అనుమతి ఇచ్చుకోగానే గూగుల్ తన అలవాటు ప్రకారం సెక్యూరిటీ హెచ్చరిక పంపింది, అందులో ఆ సందేశం వచ్చింది, కింద గూగుల్ సంతకం పడింది. ఆ మెయిల్‌ని ఒక్క అక్షరం మార్చకుండా జనానికి ఫార్వర్డ్ చేశారు. అక్షరం మారలేదు కాబట్టి సంతకం చెల్లింది. పేరు పక్కన చిన్న బాణం నొక్కి చూస్తే ‘సైన్డ్ బై’ దగ్గర గూగుల్ ఉంది, ‘మెయిల్డ్ బై’ దగ్గర మాత్రం సంబంధం లేని డొమైన్ ఉంది. డబ్బుతో ముడిపడ్డ ఏ మెయిల్ అయినా ఈ రెండు లైన్లూ కలిపి చదవాలి.

పెద్ద ఎత్తున పంపేవాళ్లకి

జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి మూడూ తప్పనిసరి. స్పామ్ అని జనం నొక్కే రేటు 0.3 శాతం తాకకూడదు, 0.1 లోపు ఉంటే మేలు. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ ఉండాలి. 2025 మే నుంచి ఔట్‌లుక్, హాట్‌మెయిల్ కూడా అదే 5,000 గీత పెట్టి మూడు తనిఖీలూ తప్పనిసరి చేశాయి. ఈ నియమాలతో ధ్రువీకరణ లేని మెయిల్ జీమెయిల్‌కి రావడం 65 శాతం తగ్గిందని గూగుల్ ప్రకటించింది. మీ రేటు చూసుకోవడానికి పోస్ట్‌మాస్టర్ టూల్స్ ఉచితం, కానీ రోజుకి కొద్ది మెయిల్స్ పంపే డొమైన్‌కి అక్కడ ఖాళీ పేజీయే కనిపిస్తుంది.

మార్కులు

డీకిమ్‌కి ఐదుకి నాలుగున్నర. లోపలి మెయిల్ స్విచ్‌లకి నాలుగు. డీమార్క్ రిపోర్టుల విషయంలో రెండు, అంతకంటే ఇవ్వలేం. రికార్డులకి పైసా ఖర్చు లేదు, ఉన్నదల్లా ఒక నెల ఓపిక.

మెయిల్ కోసం వాడని డొమైన్లు మీ పేరున ఉంటే, ఉదాహరణకి డాట్ కామ్‌తో పాటు జాగ్రత్తకి కొన్న డాట్ ఇన్, వాటిని ఈ రోజే ముగించేయొచ్చు. ఎస్‌పీఎఫ్‌లో ఏ ఇన్‌క్లూడ్ లేకుండా ‘మైనస్ ఆల్’ (ఎవరికీ అనుమతి లేదు అని) ఒక్కటే, డీమార్క్‌లో నేరుగా రిజెక్ట్. వాటి నుంచి వెళ్లే అసలు మెయిల్ ఏదీ ఉండదు కాబట్టి నన్ మీద వేచి చూడాల్సిన పని లేదు.